గృహాంతరమున హోయా పుష్పించుట: ఒక సమీక్ష

ముంబయి రహదారి వెంబడి పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూరు దాటి సంగారెడ్డి దిక్కుగా పోవువారికి రుద్రారము రెండు రూపములతో కానవచ్చును. గణేశ్ గడ్డ దేవళముచే పేరొందిన పాత గ్రామము మొదటిది. ట్రాన్స్‌ఫార్మర్ల కర్మాగారమును, గీతం విశ్వవిద్యాలయ ప్రాంగణమును, వానిని ఆశ్రయించి వెలసిన అద్దెగదులును, అంతస్తుల యిండ్లును గల క్రొత్త ఊరు రెండవది. పెరడన్నది లేని ఈ రెండవ ఊరిలో చెట్టుచేమలపై మక్కువ గలవారు తమ ముచ్చటను కిటికీ గట్టునకును, బాల్కనీ కొక్కెమునకును కుదించుకొనవలసి వచ్చినది. మనీప్లాంటుతో మొదలైన ఆ ముచ్చట క్రమముగా హోయా దాకా ప్రాకినది. దళసరియై, మైనము పూసినట్లు నిగనిగలాడు ఆకులుగల ఈ తీగను కొనితెచ్చువారిలో పెక్కురు ఆకులకొరకు తెచ్చుట లేదు. నక్షత్రాకృతిగల పూలు బంతివలె గుత్తికట్టి వ్రేలాడు చిత్రమును ఎక్కడనో చూచి, అట్టివి తమ కిటికీయందును పూయునను ఆశతో తెచ్చుచున్నారు. తీగ బ్రతుకును, పెరుగును, కొక్కెమునుండి దిగజారి కిటికీ ఊచలను చుట్టుకొనును; పూవు మాత్రము పూయదు. ఎందువలన?

ఈ ప్రశ్నకు సమాధానములు కొరవడలేదు. కొరవడినది వాని నడుమ పొందిక. కుండీ ఇరుకైనగాని పూయదని ఒకరు, నీరు మాన్పి ఎండగట్టవలెనని వేరొకరు, భాస్వరపు ఎరువు వేయవలెనని ఇంకొకరు, శీతకాలమున చలికి విడువవలెనని మరియొకరు చెప్పగా, అరటితొక్కలు నానవేసిన నీరు పోసిన చాలునని ఇరుగుపొరుగువారు తేల్చివేయుదురు. ఈ సలహాలలో హెచ్చుభాగము ఉత్తరమున దూరముగనున్న శీతలదేశముల యిండ్లలో, సంవత్సరమున సగము కాలము వెలుతురు కరవైన కిటికీల యనుభవమునుండి పుట్టినది. 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, సముద్రమట్టమునకు 500 మీటర్ల పైని, దక్కను పీఠభూమి మీద నున్న ఊరికి అవి యెంతవరకు పొసగునో పరీక్షింపక, ఉన్నవి ఉన్నట్లు గ్రహించుటయే మన పెంపకములోని మొదటి చిక్కు. కావున ఆ మాటలలో ఏది దృఢమో, ఏది సంభావ్యమో, ఏది వట్టి వాడుకయో వేరుపరచి చూచుట యీ వ్యాసము పని. నా నిర్ణయమును ముందే చెప్పెదను: హోయాకు బ్రతుకుటకు చాలిన వెలుతురు వేరు, పూయుటకు వలసిన వెలుతురు వేరు, పూయని తీగల కథలో పెద్దపాలు ఈ రెంటి నడిమి అంతరమే. తక్కిన కారణములన్నియు దాని తర్వాత వరుసగా నిలుచును.

మొట్టమొదట మొక్క కులగోత్రములు. వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయసు కుమారుడు 1782లో దీనిని వేరొక ప్రజాతిలో చేర్చి, కండగల ఆకులను బట్టి కార్నోసా యని వ్యవహరించెను. 1810లో రాబర్ట్ బ్రౌను అను స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు దానిని వేరుపరచి, నార్తంబర్లాండు ప్రభువుల సయన్ భవనమున తోటమాలిగానుండిన థామస్ హోయ్ పేరును క్రొత్త ప్రజాతికి నిలిపెను. ప్రభువుల పేరులు, పండితుల పేరులు మొక్కలకు పెట్టుట పరిపాటియైన కాలమున, చేతికి మన్నంటిన యొక తోటమాలికి ఈ గౌరవము దక్కుట విశేషమే. ఈనాడు హోయా ప్రజాతిలో 500కు పైబడిన జాతులు లెక్కకు వచ్చినవి. అవి భారతదేశమునుండి ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల వరకు వ్యాపించియున్నవి. మనదేశమున ఈశాన్యపు కొండలును, పడమటి కనుమలును వీనికి నెలవులు. మద్రాసు రాజధానిలో కుంపిణీ వైద్యుడుగానుండి దక్షిణదేశపు మొక్కలను వర్ణించిన రాబర్ట్ వైటు పేర పడమటి కనుమలలో ఒక హోయా నేటికిని వెలయుచున్నది. అయినను మన నర్సరీలలో దొరకునది చాలవరకు చైనా దక్షిణభాగమును, తైవానును, జపాను దక్షిణపు దీవులును పుట్టినిండ్లుగాగల కార్నోసాయే.

పుట్టినిల్లు దూరమైనను చుట్టరికము దూరము కాదు. రుద్రారపు బంజరులో మొలచు జిల్లేడు, కంచెలపై ప్రాకు దుష్టపుతీగ, రాళ్ళసందుల సుగంధిపాల, ఇంటిముందరి గన్నేరు, నందివర్ధనము, బిళ్ళగన్నేరు, ఇవన్నియు నేటి వర్గీకరణము ప్రకారము హోయా కుటుంబమునకు చెందినవే. వినాయకచవితినాడు అర్పించు 21 పత్రులలో జిల్లేడాకును, గన్నేరాకును కలవు గనుక, గణేశ్ గడ్డకు ప్రతియేట ఈ కుటుంబపు కానుక అందుచునే యున్నదనవచ్చును. ఈ చుట్టరికము వట్టి వినోదము కాదు. ఆకు త్రుంచిన పాలు కారుటలోను, పచ్చని పేనుబంక పట్టుటలోను, పూవు నిర్మాణములోను హోయా తన బంధువులను పోలియుండును. జిల్లేడు పూవు నడుమ కిరీటమువంటి ఐదుకోణముల కట్టడమును చూచినవారికి హోయా పూవును వర్ణింప నక్కరలేదు: ఐదు రేకులు వెడల్పుగా విచ్చుకొని, వాని నడుమ మెరుగుపెట్టినట్టి ఐదు మొనల కిరీటము కూర్చుండును. పుప్పొడి పొడిగా రాలక, ముద్దలై, కీటకము కాలికి తగులుకొని పోవును. కార్నోసాయందు ఇట్టి పూలు ఇరువదియో, ముప్పదియో యొకే కాడ కొసనుండి గొడుగువలె వ్రేలాడును. సాయంకాలము కాగానే పరిమళము హెచ్చును. తేనె బిందువులై నిలిచి, ఒక్కొక్కప్పుడు క్రింది గచ్చుమీద రాలి జిడ్డుచేయును.

ఈ తీగ అడవిలో ఎట్లు జీవించునో తెలిసికొన్నచో సగము సందేహములు తీరును. హోయాలలో పెక్కు జాతులు చెట్లపై బ్రతుకు పైమొక్కలు. అవి ఆ చెట్ల రసమును పీల్చవు, బెరడు పగుళ్ళలోని చివికిన ఆకును, నాచును మాత్రము వేళ్ళకు ఆధారము చేసికొనును. వాన కురిసినప్పుడు తడిసి, వెలిసిన కొలదిసేపటికే ఆరు వేళ్ళవి. ఈ ఎద్దడికి తగినట్లు కార్నోసా ఆకులు నీటిని దాచుకొనును. అంతేకాక, పగటియెండలో రంధ్రములు మూసికొని, రాత్రి చల్లబడిన పిదప తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహించు నేర్పును గలిగియున్నవి. అనాస, బ్రహ్మజెముడు మొదలగు మొక్కలదియు ఇదే నేర్పు. తీగ చెట్టు మొదట నీడలో మొలచి, కొమ్మలమీదుగా ప్రాకి, వెలుతురు జల్లుగా పడు చోటికి చేరినప్పుడు పూయును. నీడను సహించుట దాని బాల్యమునకు అవసరము. నీడనే కోరుట దాని స్వభావము కాదు. గదిలో మూలనుంచిన హోయా ఏండ్లతరబడి పచ్చగానుండుటకు మొదటి గుణమును, పూయకుండుటకు రెండవదియును కారణములు.

ఇట్లు మొదటి కారణమగు వెలుతురు వద్దకు వచ్చితిమి. మధ్యాహ్నపు బయలు వెలుతురు సుమారు 1,00,000 లక్సులుండగా, మన గదుల నడిభాగమున అది కొన్నివందలకు పడిపోవును. మనుష్యుని కన్ను ఈ వ్యత్యాసమును తనంతట తాను సర్దుకొనును గనుక, పత్రిక చదువుటకు చాలిన వెలుతురు మొక్కకును చాలునని భ్రమింతుము. కొలతపరికరము లేనివారికి ఒక తేలిక పరీక్ష కలదు. ఉదయము పదిగంటలవేళ ఆకునకు ఒక జానెడెత్తున అరచేయి చాచి నీడను చూడవలెను: అంచులు తెగకోసినట్లు స్పష్టముగానున్న నేరుటెండ, అంచులు మెత్తబడియు వ్రేళ్ళు గుర్తుపట్టునట్లున్న పూవునకు అనువైన వెలుతురు, నీడయే పడనిచో ఆ చోటు ఆకులకు మాత్రమే చాలును. తీగయు తన స్థితిని తాను చెప్పుచుండును. వెలుతురు తక్కువైన ఆకులు ముదురుపచ్చనై, కణుపుల నడుమ దూరము పెరుగును; తగినంతయున్న ఆకు కొంచెము లేబసిమియై, లేతకొనలు ఎరుపు తిరుగును; మితిమీరిన ఆకు పాలిపోయి, గోధుమవన్నె మచ్చలు తేలును.

ఏ దిక్కు కిటికీ మేలన్న విషయమున గ్రంథములను మనము తిరుగవ్రాసికొనక తప్పదు. లండనులో జూన్ మాసపు మధ్యాహ్నసూర్యుడు దక్షిణమున 62 డిగ్రీల యెత్తున నిలుచును. కనుక అచ్చటివారికి దక్షిణపు కిటికీ ఏడాది పొడుగున వెలుతురుగనియే. రుద్రారమున మే రెండవవారమున సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరమునకు మొగ్గి, ఆగస్టు మొదటివారము దాకా ఉదయాస్తమయములు రెండింటను, మధ్యాహ్నమునను ఉత్తరమునందే యుండును. ఆ మూడుమాసములు దక్షిణపు కిటికీలో నేరుటెండ చుక్కయైన పడదు. ఉత్తరపు కిటికీకే ప్రొద్దునను సాయంత్రమును ఏటవాలు ఎండ తగులును. డిసెంబరు వచ్చునప్పటికి సూర్యుడు దక్షిణమున 49 డిగ్రీల యెత్తుననే నిలిచి, దక్షిణపు కిటికీగుండ గది లోతునకు కిరణములు పంపును. అనగా ఇచ్చట దక్షిణపు కిటికీ శీతకాలపు కిటికీ. పడమటి కిటికీ ఏప్రిల్, మే నెలలలో అద్దమునే కాల్చును. అచ్చటి మొక్కకు పలుచని తెరయైన లేనిదే ఆకు మాడును. తూర్పుకిటికీ యొక్కటియే అన్ని ఋతువులలోను రెండుమూడు గంటల లేతయెండ నిచ్చి, ఎండ ముదురకముందే మరలించుకొనును. కనుక రుద్రారమున హోయా పూయించదలచినవారికి తూర్పు ప్రథమము. శీతకాలమున దక్షిణము దానితో సమానము. అద్దమునకు నల్లని పొర అంటించిన ఫ్లాటులలోను, ఎదుటి కట్టడము ఆకాశమును కప్పిన సందులలోను దిక్కు ఏదైనను ఫలము స్వల్పమే; అట్టిచోట్ల మొక్కకు అడుగెత్తున తెల్లని ఎల్‌ఇడి ట్యూబును రోజుకు పన్నెండు గంటలు వెలిగించుట ఉత్తమ ప్రత్యామ్నాయము. రహదారి లారీలును, కర్మాగారములును రేపు ధూళి ఆకులమీద పేరుకొని వచ్చిన వెలుతురును సయితము దిగమ్రింగును గనుక, పదిహేనురోజుల కొకమారు తడిగుడ్డతో తుడుచుట ఈ ప్రాంతమున అలంకారము కాదు, అవసరము.

వెలుతురు తరువాతది వయస్సు. హోయా మొదట తీగగా ఎదిగి, పిదపనే పూయును. గింజనుండి పుట్టినదానికంటె, ఇదివరకే పూచిన తీగనుండి కోసి నాటిన కొమ్మ త్వరగా పూయును. అదియు సాధారణముగా రెండుమూడేండ్లు తీసికొనును. ఫిబ్రవరి నెలలో హృదయాకారముగల ఒంటియాకును చిన్నకుండీలో గ్రుచ్చి ప్రేమకానుకగా అమ్ముట ఇప్పటి వాడుక. అది థాయిలాండునుండి వర్ణింపబడిన కెర్రీ అను హోయా ఆకు. ఆకుతోపాటు కణుపు ముక్క లేనిచో దానికి వేళ్ళు పుట్టునే గాని తీగ సాగదు. ఏండ్లు గడచినను ఆ ఆకు ఆకుగానే యుండును. అట్టిదానినుండి పూవు నాశించుట వృథా. రహదారి ప్రక్క నర్సరీలలో వినవచ్చు సంభాషణ ఈ విషయమున పుస్తకములకంటె సూటిగానుండును. "అన్నా, గిది పూలు పూస్తదా?" అని కొనువారు అడుగగా, "పూస్తది మేడం, గని తొందర వడొద్దు. ఒక్కపారి కొక్కానికి ఏలాడదీసినంక మల్ల మల్ల జరపొద్దు" అని అమ్మువాడు చెప్పును. ఈ చిన్నమాటలో ఓర్పు, స్థిరత్వము అను రెండు నిజములు ఇమిడియున్నవి. జాతిభేదమును పట్టించుకొనవలెను: లాకునోసా చిన్నతీగగానుండగనే, కొంచెము తక్కువ వెలుతురులోనైనను పూయును, ఫిలిప్పీన్సు నుండి వచ్చిన ప్యూబికాలిక్స్ వేగముగ సాగి మన వేడిమిని బాగుగ ఓర్చును, కార్నోసా నిదానస్థురాలు, మయన్మారు కొండప్రాంతపు బెల్లా చల్లదనమును కోరును గనుక మన మే నెలలో క్రుంగును. ఆకుమీద తెలుపు, గులాబి చారలుగల రకములు పత్రహరితము తక్కువగుటచే పచ్చవానికంటె నెమ్మదిగ ఎదిగి, ఆలస్యముగ పూయును.

ఇక ఇరుకు కుండీ వాదము. వేళ్ళు కుండీ నిండ అల్లుకొన్నగాని హోయా పూయదను మాట మిక్కిలి ప్రచారము నొందినది. పూచిన తీగలలో పెక్కింటి కుండీలు చిన్నవిగానే యుండుట నిజమే. కాని కుండీ నిండుటకు ఏండ్లు పట్టును. ఏండ్లు గడచిన తీగ వయస్సుచేతనే పూయును. అంతేకాక చిన్నకుండీ త్వరగా ఆరును గనుక వేరుకుళ్ళు తక్కువ. అందుచే ఇరుకుతనము పూవునకు కారణమనుటకంటె తోడుగానుండు లక్షణమనుట సమంజసము. ఇందుండి గ్రహింపదగిన ఆచారము మాత్రము సరియైనదే: చిన్నమొక్కకు పెద్దకుండీ ఈయరాదు, వేళ్ళు క్రిందిరంధ్రములనుండి వెలికివచ్చువరకు మార్చరాదు, మార్చినను ఒక్క అంగుళము మించరాదు. కుండీలో నింపునది మరింత ముఖ్యము. సంగారెడ్డి ప్రాంతపు నల్లరేగడి జొన్నకును ప్రత్తికిని తల్లివంటిదైనను హోయా వేళ్ళకు ఊపిరాడనీయదు. ఎర్రచెల్కయు తడిసి ఆరగనే గట్టిపడును. కొబ్బరిపెచ్చు ముక్కలు, కట్టెబొగ్గు తునకలు, ఇటుక రవ్వ, కొంచెము మాగిన పశువులెరువు కలిపిన మిశ్రమము అడవి చెట్ల బెరడునకు దగ్గరగానుండి, వేళ్ళను తడిపియు ఆరనిచ్చును.

నీటివిషయమున రెండు ప్రశ్నలు వేరుచేయవలెను: ఎంత పోయవలెను, ఏ నీరు పోయవలెను. మిశ్రమము పైభాగము రెండంగుళములు ఆరినపిదప క్రిందినుండి కారునంతవరకు పోసి, మరల ఆరనిచ్చుటయే నియమము; ఆకు వ్రేలితో వంచినప్పుడు బిగువుగానున్న దాహము లేదు, మెత్తగా మడతపడిన దాహము కలదు. కొన్నివారములు ఎండగట్టిన తీగ బెదరి పూయునను వాదమునకు శీతకాలమున కొంత ఆధారము కలదు. చల్లని నెలలలో నీరు తగ్గించుట దాని విశ్రాంతికి తోడ్పడును. కాని వేసవిలో ఆకులు ముడుతలు పడునంతగా ఎండగట్టుట శిక్షయే గాని శిక్షణ కాదు. మొగ్గ పట్టినపిదప అట్లు చేసినచో మొగ్గలన్నియు పండి రాలును. రెండవ ప్రశ్న ఈ ప్రాంతమున మరింత బరువైనది. బోరునీటి కాఠిన్యము వలన కుండీ అంచున తెల్లని పెచ్చు కట్టుట ఇచ్చట అందరెరిగినదే. ఆ సున్నపు నీటివలన మిశ్రమము క్షారగుణమును పొంది, ఇనుము వేళ్ళకు అందక, లేతాకులు పసుపై నరములు మాత్రము పచ్చగా నిలుచును. వానకాలమున పట్టిన నీరు శ్రేష్ఠము. ఏసీ యంత్రమునుండి కారు నీరు దాదాపు లవణరహితము గనుక అదియు పనికివచ్చును. ఆర్‌ఓ యంత్రము వెలిగ్రక్కు నీరు మాత్రము లవణములు పేరుకొన్నదగుటచే ఎన్నడును పోయరాదు.

ఎరువుల చర్చలో వాడుకమాట హెచ్చు, ఆధారము తక్కువ. పూలకు భాస్వరము అవసరమను సత్యమునుండి, భాస్వరము హెచ్చించిన పూలు హెచ్చునను అసత్యమును మనము అల్లుకొన్నాము. మొక్క శరీరమున నత్రజని, పొటాషియములతో పోల్చిన భాస్వరము స్వల్పము; మించిన భాస్వరము పూవునకు ఆహ్వానము కాకపోగా, ఇనుము, జింకు అందకుండ అడ్డుపడును. చీకటిగదిలోని తీగకు ఎన్ని పోషకములు పోసినను అది పూయదు. అవి వేళ్ళచుట్టు లవణములై మిగిలిపోవును. అరటితొక్కలు, ఉల్లిపొట్టు, బియ్యము కడిగిన నీళ్ళు మొదలైన గృహచికిత్సలలో పోషకము అత్యల్పము. పులిసినచో సన్నదోమలను మాత్రము పుష్కలముగ పుట్టించును. తీగ చురుకుగ ఎదుగునెలలలో మూడు పోషకములు సమపాళ్ళుగల 19-19-19 ఎరువును లీటరు నీటికి పావు గ్రాము మొదలు అరగ్రాము వరకు కలిపి, నెలకు రెండుమార్లు పోసిన చాలును. నెలకొకమారు వట్టినీరు ధారాళముగ పోసి లవణములను కడిగివేయవలెను.

శైత్యము, పగటి నిడివి అను రెండును శాస్త్రజ్ఞులు సయితము జాగ్రత్తగా మాటలాడు విషయములు. చల్లని దేశపు గ్రంథములు శీతకాలమున హోయాను 10 నుండి 15 డిగ్రీల చలిలో విశ్రమింపజేయుమనును. కార్నోసా వంటి ఉపోష్ణజాతులకు ఇది సబబే. భూమధ్యరేఖా సమీపపు జాతులకు అట్టి చలి హానికరము. రుద్రారమున డిసెంబరు, జనవరి రాత్రులలో బయలు ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపులకు, కొన్ని రాత్రులు అంతకు లోపునకును దిగును. గాలివాటుకు దూరమైన బాల్కనీయందు కార్నోసాకు కావలసినంత చల్లదనము దానంతట అదే దొరకును. కనుక కృత్రిమమైన యే యేర్పాటును అక్కరలేదు. పగటి నిడివి సంగతి వేరు. లండనులో జూన్ పగలు పదహారుగంటలకు మించి, డిసెంబరున ఎనిమిది గంటలలోపునకు కుదించుకొనును. ఇచ్చట పగలు పదమూడు గంటలు మొదలు పదకొండు గంటల వరకు మాత్రమే మారును. రెండుగంటల తేడా లెక్కలోనిది కాదని త్రోసివేయరాదు: 1972 నుండి పటాన్‌చెరులోనున్న ఇక్రిశాట్ పరిశోధనసంస్థ పొలములలో పరిశోధింపబడు కంది, జొన్నల సాంప్రదాయిక రకములు ఈ కొలదిపాటి కురచతనమును పసికట్టియే పూయును. అయితే వానిని బట్టి హోయా కాలమును నిర్ణయించుట తొందరపాటు. హోయా జాతులు ఈ విషయమున ఒకదానితో ఒకటి ఏకీభవింపవు.

ఈ శీతోష్ణములను బట్టి ఇచ్చటి హోయాకు సంవత్సరములో రెండు నిద్రలుండునని గుర్తింపవలెను. గ్రంథములు చెప్పునది శీతకాలపు నిద్ర యొక్కటే. మనకు మే నెలలో 40 డిగ్రీలు దాటిన వడగాలి వేళ మరియొకటి కలదు. రాత్రులును చల్లబడనప్పుడు, రాత్రియే రంధ్రములు తెరచు కార్నోసాకు ఎదుగుదల మందగించుట సహజము. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలలు మొదటి ఎదుగుదలకు, పూలగుత్తిని మోయు గుత్తికాడలు పుట్టుటకు అనువైనవి. ఏప్రిల్, మేలలో ఎరువు మాని, పడమటి ఎండనుండి కాపాడి, తేమ నిలుపుటయే పని. జూన్ నుండి సెప్టెంబరు వరకు తేమగాలిలో తీగలు సాగును గాని మబ్బువలన వెలుతురు తగ్గును గనుక కుండీని కిటికీకి మరింత చేరువ చేయవలెను. అక్టోబరు, నవంబరులలో ఆకాశము తేటపడి రెండవ పూతకు అదను వచ్చును. డిసెంబరు, జనవరులలో నీరు తగ్గించి వదలివేయవలెను.

కత్తెర విషయమున మాత్రము గ్రంథములకును, అనుభవమునకును, స్థలమునకును భేదము లేదు. హోయా ఆకులు లేని పొడవైన కొరడాలవంటి తీగలను ముందు సాగదీయును. చూచుటకు మోడువలె తోచు వానిని అందముకొరకు కత్తిరించువారు తరువాత పూయబోవు చోటును తామే కత్తిరించినవారగుదురు. ఆ కొరడాలపై క్రమముగ ఆకులు తొడిగి, ఆకుచంకనుండి గుత్తికాడ వెలువడును. అది మొదట అగ్గిపుల్ల తలంత మొటిమగా కనబడి, నెమ్మదిగ ఒకటి రెండంగుళములు సాగి, దాని కొసను గరుకైన చిన్నబుడిపెలు గుంపుగ లేచును. కొన్ని వారములకు ఆ బుడిపెలు ఐదు మూలలు తేలిన మొగ్గలై, సన్నకాడలతో విడివడి, ఒకటి రెండు రోజులలో గుత్తియంతయు విచ్చుకొనును. పూలు వాడి రాలినపిదప కాడను త్రుంచివేయుట పెద్ద పొరపాటు; పెక్కు జాతులలో ఆ కాడయే మరుసటి సంవత్సరమును, ఆ తరువాతను అదేకొసనుండి మరల మరల పూయును. పాతకాడలు హెచ్చినకొలది పూతయు హెచ్చును గనుక, ఏండ్లు నిండిన తీగ విలువ దాని ఆకులలో కాదు, ఆ కాడలలో నున్నది.

మొగ్గ వచ్చినను పూవు దాకా నిలుచుట వేరొక పరీక్ష. మొగ్గతోనున్న కుండీని వెలుతురు దిక్కు మారునట్లు త్రిప్పుట, ఒక గదినుండి వేరొక గదికి మార్చుట, కూలరు గాలికో ఏసీ పొడిగాలికో ఎదురుగనుంచుట, ఎండగట్టుట, వీనిలో ఏ యొక్కటియైనను మొగ్గలు రాలుటకు చాలును. లేతమొగ్గలపై బంగారువన్నె పేనుబంక మూగినప్పుడు దూరము వెదకనక్కరలేదు. గన్నేరును, జిల్లేడును పట్టునట్టిదే, కిటికీ క్రింది బంజరునుండి రెక్కలతో ఎగిరివచ్చినది. నీటిధారతో కడిగి, మిగిలినచో వేపనూనెను సబ్బునీటిలో కలిపి సాయంకాలము చల్లిన తగ్గును. కణుపుల సందులలో తెల్లని దూదివలె కనబడు పిండినల్లిని స్పిరిటులో ముంచిన దూదిపుల్లతో తుడిచివేయవలెను. చీమల బారు తీగపై కనబడుటయే ఈ రెండింటికిని మొదటి సూచన.

స్థిరత్వమునుగూర్చి ఒక్కమాట చెప్పక ఈ పారిశ్రామికవాడలో హోయా చర్చ పూర్తి కాదు. ఇచ్చట పదకొండునెలల అద్దె ఒప్పందములు, కర్మాగారపు బదిలీలు, నాలుగేండ్ల విద్యార్థి వాసములు జీవితమునకు కొలబద్దలు. బంతి, చామంతి అట్టి జీవితమునకు ఒదిగిపోవును. ఒక ఋతువులో వచ్చి పూచి పోవును. హోయా అట్లు ఒదుగదు. ఇల్లు మారినప్పుడెల్ల కిటికీ మారును, కిటికీతో వెలుతురు మారును, తీగ మరల సర్దుకొనుటకు ఒక ఋతువు తీసికొనును. ఎన్నియో సలహాలు పాటించియు ఫలము గాననివారిలో కొందరి మొక్కకు లోపము ఎరువులో లేదు, ఇంటి చిరునామాలో నున్నది. అట్టివారు ఇల్లు చూచుకొనునప్పుడు తూర్పుకిటికీ యొక్కటి యున్నదా యని విచారించుకొనుట నవ్వులాట కాదు.

ఈ సమీక్ష ఫలితమును వరుసపెట్టినచో ఇట్లుండును. వెలుతురు, వయస్సు, గుత్తికాడను కోయకుండుట, ఈ మూడును దృఢములు. వీనిలో ఒకటి లోపించిన తక్కినవి నిష్ఫలములు. గాలియాడు మిశ్రమము, లవణము తక్కువగల నీరు, స్థిరమైన చోటు, ఈ మూడును పూతను నిలుపునవి. కార్నోసాకు శీతకాలపు చల్లదనమును మితమైన ఎండగట్టుటయు సంభావ్యములు. ఇరుకు కుండీ, భాస్వరము, గృహకషాయములు వాడుకమాటలు. క్రొత్తగా ఆరంభించువారు ఇదివరకే గుత్తికాడ కట్టిన ప్యూబికాలిక్స్‌నో కార్నోసానో కొంచెము ధర హెచ్చైనను కొని, తూర్పుకిటికీకి రెండడుగుల లోపున వ్రేలాడదీసి, ఒక సంవత్సరము నీరు తప్ప వేరేమియు మార్చక చూడవలెను; ఆ పిదప మార్చినను ఒకమారు ఒక్కదానినే మార్చవలెను, లేనిచో ఏది ఫలించినదో తెలియరాదు. ఇంతచేసియు మూడేండ్లలో పూయనిచో దోషము తీగది కాదు, కిటికీది. కిటికీని మార్చుట మన చేతిలో లేనప్పుడు ఎల్‌ఇడి ట్యూబు కొనవలెను. అదియు వలదనుకొన్నచో తీగను వెలుతురుగల ఇంటివారికి ఒప్పజెప్పి, కోసిన యొక కొమ్మను తన వద్ద నుంచుకొనుట ఉభయులకును మేలు.